బోర్డు మార్చారు సరే, ఆ యాక్టివేటర్ జోలికి మాత్రం వెళ్లకండి

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు కాలిపోతే కొత్తది వేయించాను. విండోస్ 11 మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను గానీ స్క్రీన్ మీద 'యాక్టివేట్ విండోస్' అని వస్తోంది. విండోస్ కొన్నప్పుడు వచ్చిన పాత కీ (లైసెన్స్ నంబరు) ఎక్కడుందో తెలియదు. తెలిసినతను ఒక యాక్టివేటర్ ఫైలు పంపాడు. యాంటీవైరస్ ఆపేసి రన్ చేస్తే ఒక్క నిమిషంలో అయిపోతుందంటున్నాడు. చేయమంటారా?

జవాబు: వద్దు. ముందు ఆ ఫైలు డిలీట్ చేయండి, తర్వాత మిగతాది చదవండి. మదర్‌బోర్డు మార్చినవాళ్లు నాకు రాసే ప్రశ్నల్లో చివరి వాక్యం దాదాపు ఎప్పుడూ ఇదే. ఎవరో ఒకరు ఏదో ఒక ఫైలు పంపే ఉంటారు.

అసలు అంత తొందరేముంది? యాక్టివేట్ కానంత మాత్రాన విండోస్ ఆగిపోదు. కుడివైపు కింద ఆ లేత అక్షరాలు కనిపిస్తాయి, సెట్టింగ్స్‌లో వాల్‌పేపర్, రంగులు మార్చనివ్వదు, అంతే. సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి.

పెద్ద ఆఫీసుల్లో వందల కంప్యూటర్లను యాక్టివేట్ చేయడానికి కేఎంఎస్ అనే సర్వర్ ఉంటుంది. ఈ యాక్టివేటర్లలో చాలావాటి పని దానికి ఒక నకిలీని మీ కంప్యూటర్లోనే పెట్టి విండోస్‌ని నమ్మించడం. ఆ యాక్టివేషన్ గడువు 180 రోజులే కాబట్టి, మళ్లీ మళ్లీ రెన్యూ చేసుకోవడానికి టాస్క్ షెడ్యూలర్‌లో, అంటే విండోస్ వేళకి దానంతటదే చేసే పనుల జాబితాలో, ఒక పనిని కూడా పెట్టేస్తాయి. అంటే అడ్మిన్ హక్కులతో, యాంటీవైరస్ కన్ను పడని చోట, ఎప్పటికీ నడిచే ప్రోగ్రామ్‌ని మీ చేత్తో మీరే తెచ్చిపెట్టుకుంటున్నారన్నమాట. దాన్ని రాసిందెవరో తెలియదు, మీ దాకా వచ్చేలోగా ఎన్ని చేతులు మారిందో, మధ్యలో ఎవరేం కలిపారో అసలే తెలియదు. అలా కలిపినవాటికి కావాల్సింది బ్రౌజర్‌లో మీరు సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్ అయి ఉన్న సైట్ల కుకీలు (మీరు లాగిన్ అయ్యారని సైటు గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు). కుకీ చేతికి చిక్కితే చాలా సైట్లలో ఓటీపీ కూడా అడ్డురాదు, ఎందుకంటే ఆ సైటు లెక్కలో మీరు లోపలే ఉన్నారు.

'యాంటీవైరస్ ఒక్క నిమిషం ఆపి మళ్లీ ఆన్ చేస్తాను కదా' అనకండి. ఆ నిమిషంలోనే ఇలాంటివి విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ఎక్స్‌క్లూజన్స్‌లో, అంటే అది వెతక్కుండా వదిలేసే జాబితాలో, తమ ఫోల్డర్‌ని చేర్చేసుకోగలవు. తర్వాత యాంటీవైరస్ ఆన్‌లో ఉన్నా అటు చూడదు. ఇప్పటికే రన్ చేసేసినవాళ్లు విండోస్ సెక్యూరిటీలో ఆ ఎక్స్‌క్లూజన్స్ జాబితా తెరిచి చూడండి. మీరు పెట్టనిది ఏదైనా కనిపించినా, కనిపించకపోయినా, నేనైతే డిస్క్ తుడిచేసి మొదటినుంచి ఇన్‌స్టాల్ చేస్తాను. పాస్‌వర్డ్‌లు మాత్రం వేరే పరికరం నుంచి మార్చండి. అదే కంప్యూటర్లో కూర్చుని మారిస్తే దొంగకి కొత్తవి చెప్పినట్టే.

ఇక లైసెన్స్ సంగతి. విండోస్ యాక్టివేషన్‌కి కంప్యూటర్ అంటే ప్రధానంగా మదర్‌బోర్డే. ర్యామ్, డిస్క్ మారిస్తే పెద్దగా పట్టించుకోదు, బోర్డు మారితే కొత్త మెషీన్ అనుకుంటుంది. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ పాత బోర్డుతోనే పోతుంది. కానీ లోపమున్న బోర్డుని తయారీదారే మార్చి ఇస్తే లైసెన్స్ మీదే, అది పనిచేసేలా చూడాల్సింది వాళ్లే, కాబట్టి గట్టిగా అడగండి. విడిగా కొన్న రిటైల్ లైసెన్స్ అయితే కొత్త బోర్డుకి మార్చుకోవచ్చు. అందుకు పాత కీ అయినా ఉండాలి, లేదంటే బోర్డు పోకముందే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి లైసెన్స్ లింక్ అయి అయినా ఉండాలి.

లింక్ అయి ఉంటే అదే అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పేజీలో ట్రబుల్‌షూట్ నొక్కి, ఈమధ్య హార్డ్‌వేర్ మార్చాను అనే లింక్ ఎంచుకోండి. పాత కంప్యూటర్ల జాబితా వస్తుంది. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది: 'డెస్క్‌టాప్' అని, పక్కన ఏడు అడ్డదిడ్డం అక్షరాలు, అలాంటివి వరసగా నాలుగుంటాయి. అందులో కాలిపోయింది ఏదో ఎవరికి గుర్తుంటుంది? విండోస్ 11 ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కంప్యూటర్‌కి పేరు అడుగుతుంది, అప్పుడే స్కిప్ నొక్కకుండా మనిషి చదవగలిగే పేరు పెట్టుకుంటే ఏం పోయింది! సరే, పాతది విండోస్ హోమ్ ఎడిషన్ అయి, ఇప్పుడు ప్రో ఎడిషన్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఆ లైసెన్స్‌తో ఏం చేసినా యాక్టివేట్ కాదు. అదొకసారి చూసుకోండి.

ఇంకా బోర్డు మార్చని పాఠకులకు ఒక మాట, ఇది లైసెన్స్ కంటే పెద్దది. మీకు చెప్పకుండానే మీ డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం లేనిదే ఎవరూ చదవలేనట్టు మారి ఉండొచ్చు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌ని కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా కంప్యూటర్లలో అది దానంతటదే మొదలవుతుంది. మంచిదే, కానీ తాళం ఉండేది టీపీఎం అనే భద్రతా చిప్‌లో, అది చాలా కంప్యూటర్లలో బోర్డుతో పాటే వెళ్లిపోతుంది. అప్పుడు నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఫొటోలు లేవు, ఫైళ్లు లేవు, ఎవరూ ఏమీ చేయలేరు. ఈరోజే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ కాగితం మీద రాసుకోండి. దాన్ని ఫొటో తీసి అదే కంప్యూటర్లో దాచుకున్న మహానుభావులూ నాకు రాశారు.

పలచగా ఉండాలని డిస్క్‌ని కూడా బోర్డుకే అతికించేసిన ల్యాప్‌టాప్‌లైతే ఆ కీ ఉన్నా ప్రయోజనం లేదు. బోర్డు మార్చితే డేటా కూడా పాత బోర్డుతో పాటే పోతుంది. రెండు మిల్లీమీటర్లు తగ్గించి మనకి చేసిన మేలు అది. అలాంటిది వాడుతుంటే బయట ఒక హార్డ్‌డిస్క్‌లో బ్యాకప్ పెట్టుకోండి, కీ సంగతి ఆ తర్వాత.