టెక్ సందేహాలు: ఒంగోలు నుంచి చీమకుర్తి ట్యాలీ తెరవాలంటే వీపీఎన్నా, వీపీఎస్సా?

ప్రశ్న: చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో అకౌంట్లు చూస్తాను. ఆఫీసు కంప్యూటర్లోని ట్యాలీని ఒంగోలులో ఇంటి నుంచి ల్యాప్‌టాప్‌లో చూసుకోవాలి. ఒకరు వీపీఎన్ పెట్టుకోమన్నారు, ఇంకొకరు వీపీఎస్ కొనమన్నారు. రెండూ ఒకటేనా?

జవాబు: కాదండీ. వీపీఎస్ అంటే అద్దె కంప్యూటర్. డేటా సెంటర్లోని పెద్ద సర్వర్‌ను సాఫ్ట్‌వేర్‌తో భాగాలు చేసి, ఒక్కో భాగానికీ విడిగా ర్యామ్, స్టోరేజ్ కేటాయించి నెలకింతని ఇస్తారు. వీపీఎన్ మాత్రం దారి. వేర్వేరు చోట్ల ఉన్న కంప్యూటర్లను ఒకే ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కలుపుతుంది, మధ్యలో వెళ్లే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మారుస్తుంది.

మీ ట్యాలీ ఆఫీసులోనే ఉంది కాబట్టి మీకు కావలసింది వీపీఎన్. అలాగని ప్రకటనల్లో కనిపించే వీపీఎన్ యాప్ కొనకండి. అది మీ ల్యాప్‌టాప్‌ను ఆ కంపెనీ సర్వర్‌కు కలుపుతుంది తప్ప చీమకుర్తికి కలపదు. మీకు సొంత వీపీఎన్ కావాలి. ఉచితంగా దొరికే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ చాలు. 2020 నుంచి అది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌లోనే ఉంది, విండోస్‌కూ దొరుకుతుంది.

ముందు ఆఫీసు రౌటర్ సెట్టింగ్స్‌లో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చిన అంకెల చిరునామా) చూడండి. అది 10తోనో, 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అంకెలతోనో మొదలైతే, ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని (బయటి ఇంటర్నెట్‌కు కనిపించే చిరునామాను) చాలామందికి పంచుతోందన్నమాట. బయటి నుంచి మీ రౌటర్‌ను నేరుగా చేరలేం. వీపీఎస్ పనికొచ్చేది ఇక్కడే. 1 జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ వీపీఎస్ తీసుకుని అందులో వైర్‌గార్డ్ పెడితే, ఆఫీసు కంప్యూటరూ మీ ల్యాప్‌టాపూ రెండూ దానికి కనెక్ట్ అయి కలుసుకుంటాయి. ఆఫీసు వైపు కాన్ఫిగరేషన్‌లో ‘పర్సిస్టెంట్ కీప్‌అలైవ్’ 25 అని పెట్టడం మరవొద్దు. 25 సెకన్లకోసారి చిన్న ప్యాకెట్ వెళ్తూ దారి మూసుకుపోకుండా చూస్తుంది.

ఆ దారిలో రిమోట్ డెస్క్‌టాప్ (దూరంలోని కంప్యూటర్ స్క్రీన్‌ను మీ ల్యాప్‌టాప్‌లో తెరిచి పనిచేసే విండోస్ సదుపాయం) వాడండి. ఆఫీసు కంప్యూటర్లో విండోస్ ప్రో ఉండాలి, హోమ్ ఎడిషన్ ఇందుకు కుదరదు. మీరు అదే లాగిన్‌తో లోపలికి వెళ్లగానే అక్కడ కూర్చున్నవారి స్క్రీన్ లాక్ అవుతుందని వాళ్లకు ముందే చెప్పండి.

ఇంత తతంగం ఎందుకని కొందరు రౌటర్లో 3389 పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్ వాడే ద్వారం) తెరిచి రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు వదిలేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. తెరిచి ఉన్న ఆ పోర్టు కోసం రాత్రింబవళ్లు ఇంటర్నెట్‌ను జల్లెడ పట్టే ప్రోగ్రాములున్నాయి. పాస్‌వర్డ్ చిక్కితే ర్యాన్సమ్‌వేర్ ఎక్కించి లెడ్జర్లు, జీఎస్టీ బిల్లులతో సహా అన్నింటికీ తాళం వేసి డబ్బులడుగుతారు.

సెలవు రోజు ఆఫీసు కంప్యూటర్ ఆపేసి ఉంటే వీపీఎన్ ఉన్నా ట్యాలీ తెరుచుకోదు. ఎప్పుడూ అందుబాటులో ఉండాలంటే ట్యాలీనే విండోస్ వీపీఎస్‌లోకి మార్చుకోవచ్చు. విండోస్ లైసెన్సు కలవడం వల్ల అద్దె పెరుగుతుంది. మీ ట్యాలీ లైసెన్సు అక్కడ పనిచేస్తుందో లేదో ముందే డీలర్‌ను అడగండి. అక్కడ కూడా 3389ను వీపీఎన్ వెనకే ఉంచండి.