యాడ్ పెట్టేముందు ఒక్కసారి చదువుకో

చిట్టితల్లికి,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన దగ్గర్నుంచి అదే ఆలోచిస్తున్నా. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన తల్లులు కాన్పయ్యాక ఎలా ఉన్నారో చూసే స్టడీ, దానికి నెల్లూరు జిల్లాలో ఫేస్‌బుక్ యాడ్ పెట్టి మనుషుల్ని చేర్చాలన్నావు. చాలా అవసరమైన పని. కాన్పయిన ఆరు వారాలకు మళ్ళీ వచ్చి 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగి పరీక్ష చేయించుకోమని చెప్పి పంపుతారు. ఒళ్ళో పసిబిడ్డను పెట్టుకుని ఎవరొస్తారు చెప్పు? షుగర్ పోయిందనుకుంటారు. చాలామందికి అది కొన్నేళ్ళకు తిరిగొస్తుంది. అలాంటి వాళ్ళని వెతికి పట్టుకోవడానికి ఫోన్ మంచి దారే.

కానీ యాడ్ పెట్టడం కన్నా, పెట్టాక దాని దగ్గర కాపలా ఉండటమే అసలు పని. ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను.

నేను మొదటిసారి ఇలాంటి యాడ్ పెట్టినప్పుడు కావలి వైపు అమ్మాయి ఒకామె రాత్రి తొమ్మిదిన్నరకి దాని కింద కామెంట్ పెట్టింది. "మేడం నాకు ఐదో నెలలో వచ్చింది, ఇన్సులిన్ కూడా వేశారు, నేను రావచ్చా?" అని. నేను మర్నాడు పదకొండింటికి చూశా. అప్పటికే దాని కింద ఆమె ఆడబిడ్డ రాసింది: "ఇదెప్పుడు వదినా? మాకు చెప్పలేదే." ఆ అమ్మాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఆమె ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. తప్పు మాత్రం నాదే. ఆ రాత్రి ఫోన్ పక్కన పెట్టి పడుకున్నాను.

అందుకే యాడ్ నడిచినన్నాళ్ళూ రాత్రి పదకొండు దాకా చూసే మనిషిని ఒకరిని పెట్టుకో. ఎవరైనా తన జబ్బు గురించి కామెంట్‌లో రాస్తే దాన్ని 'హైడ్' చేసి ఊరుకోకు. హైడ్ చేసినా రాసినావిడకీ ఆమె ఫ్రెండ్స్‌కీ కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఫ్రెండ్స్ ఎవరనుకున్నావు? అత్తగారి వైపు వాళ్ళే. పూర్తిగా తీసెయ్యి, వెంటనే ఇన్‌బాక్స్‌లో మెల్లగా చెప్పు. యాడ్‌లోనే "మీ వివరాలు కామెంట్‌లో రాయకండి" అని పెద్దక్షరాల్లో పెట్టు.

ఇక యాడ్‌లో మాటలు. "మీకు షుగర్ ఉందా?" అని రాస్తే ఫేస్‌బుక్ వాళ్ళే ఒప్పుకోరు. చూసేవాళ్ళకి ఫలానా జబ్బు ఉందన్నట్టు యాడ్ ఉండకూడదని వాళ్ళ నియమం. "గర్భంలో షుగర్ వచ్చిన తల్లుల గురించి పరిశోధన" అని రాయి. మధుమేహం అని రాయకు, మనవాళ్ళెవరూ ఆ మాట అనరు. పరిశోధన అనే మాట మాత్రం దాచకు. "ఉచిత పరీక్షలు" అని పైన పెద్దగా వేస్తే వైద్యం చేస్తారనుకుని వస్తారు, తర్వాత మోసపోయామనుకుంటారు. ఛార్జీలకిచ్చే డబ్బు కూడా యాడ్‌లో పైకి తేకు. డబ్బు కోసమే ఒకే మనిషి మూడు పేర్లతో ఫారం నింపిన రోజులు చూశాను. బొమ్మతో సహా మొత్తం యాడ్‌ని ఎథిక్స్ కమిటీ, అంటే స్టడీలో చేరేవాళ్ళకి అన్యాయం జరక్కుండా చూసే కమిటీ, చూసి ఒప్పుకోవాలి. తర్వాత ఒక్క వాక్యం మార్చినా మళ్ళీ వాళ్ళకి పంపాల్సిందే.

2022 జనవరి నుంచి జబ్బులకు సంబంధించిన ఆసక్తుల్ని బట్టి మనుషుల్ని ఎంచుకునే వీలు ఫేస్‌బుక్ తీసేసింది. మనకి పనికొచ్చేవి వయసు, ఊరు, ఆడా మగా లాంటివే. అప్పుడు ఎవరో ఒకరు ఆసుపత్రి రిజిస్టర్లో ఉన్న ఫోన్ నంబర్లని ఫేస్‌బుక్‌లోకి ఎక్కించేద్దామంటారు. ససేమిరా ఒప్పుకోకు. కాన్పుకొచ్చి మనకిచ్చిన నంబర్ని ఇంకో కంపెనీ చేతిలో పెట్టే హక్కు మనకి లేదు.

ఫారం నింపిన వాళ్ళకి అదే రోజు ఫోన్ చెయ్యి. రెండు రోజులాగితే సగం మంది మర్చిపోతారు. ఏ నంబర్ నుంచి చేస్తారో ముందే చెప్పు, ఓటీపీ గానీ ఆధార్ గానీ మేం అడగం అని చెప్పు, ఈ రోజుల్లో జనానికి కొత్త నంబరంటేనే భయం. ఇంకో సంగతి. చాలామంది ఇచ్చేది భర్త నంబరే. మగగొంతు వినిపిస్తే స్టడీ పేరు ఎత్తకు. ఆమె ఉన్నారా, ఎప్పుడు చేయమంటారు అని అడిగి పెట్టెయ్యి.

ఇంత చేసినా యాడ్‌కి అందని వాళ్ళే ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు 21 శాతం, మగవాళ్ళు 48.8 శాతం. ఇప్పుడు పెరిగే ఉంటారు, అయినా ఉదయగిరి వైపు కూలికెళ్ళే తల్లి నీ యాడ్ చూడదు. వారానికోసారి చేరినవాళ్ళ జాబితా మండలాల వారీగా రాసుకో. అంతా నెల్లూరు టౌనే కనిపిస్తే ఆ మెట్ట మండలాలకి ఆశా కార్యకర్తల ద్వారా వెళ్ళాలి, ప్రొఫెసర్ గారితో ఆ ఖర్చు ఇప్పుడే మాట్లాడు.

నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ పాడయ్యే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో మొదట రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసే. అప్పట్నుంచీ మనవాళ్ళని పరీక్షించడానికి ఎందరో వచ్చారు. కనిగిరి దగ్గర ఒక ముసలాయన నాతో అన్నాడు: "నీళ్ళు పట్టుకుపోయారు, పళ్ళు ఫొటో తీసుకుపోయారు, ఏం తేలిందో చెప్పడానికి ఒక్కడూ రాలేదమ్మా." నీ యాడ్ కింద కూడా అలాంటి కామెంటొకటి వస్తుంది. దాన్ని మాత్రం తీసెయ్యకు. స్టడీలో చేరినావిడ రిపోర్టు ఆమె చేతికి ఏ తేదీకిస్తారో అక్కడే, అందరూ చూసేలా రాయి. ఆ తేదీ ఏదో ముందు మీలో మీరు తేల్చుకోండి.

ముసాయిదా కమిటీకి పెట్టేముందు నాకు వాట్సాప్ చెయ్యి. ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

మీ పెద్దమ్మ
ఒంగోలు