ముత్తాతగారి పుట్టిన సంవత్సరం ఎలా తెలుసుకోవాలి?

మీ ముత్తాతగారు 1880ల్లో నెల్లూరు దగ్గర పుట్టారనీ, చెన్నైలో జనన ధ్రువపత్రం దొరకలేదనీ రాశారు. టెన్షన్ వద్దండీ, దొరకకపోవడమే మామూలు. జననాల నమోదుకు మద్రాసు చట్టం వచ్చిందే 1899లో. అంతకుముందు 1886 చట్టం ఉన్నా, అందరికీ తప్పనిసరి కాదు.

ముందు ఇంట్లో పాత ట్రంకుపెట్టె వెతకండి. జాతకం దొరికితే సగం పని అయినట్టే. అందులో ఇంగ్లీషు సంవత్సరం ఉండకపోవచ్చు, ఉదాహరణకు 'తారణ నామ సంవత్సరం' అని ఉంటుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి తారణ అంటే 1824, 1884, 1944. మీ లెక్కకు 1884 సరిపోతుంది. ఉగాదితో ఏడాది మారుతుంది, అందుకే జనవరి, ఫిబ్రవరిలో పుట్టినవాళ్లకు 1885 పడుతుంది. ఇక్కడే చాలామంది తికమక పడతారు.

జాతకం లేకపోతే ఆస్తి కాగితాలే గతి. దస్తావేజుల్లో తండ్రి పేరు ఉంటుంది, కొన్నిటిలో వయసు కూడా. ఇనాం భూమి ఉండేదా? అయితే ఆయన పెద్దల వివరాల కోసం, 1860ల నాటి ఇనాం రిజిస్టర్లు ఉన్నాయేమో పాత ప్రభుత్వ రికార్డులు దాచే ఆర్కైవ్స్‌లో అడిగి చూడండి. క్రైస్తవ కుటుంబమైతే ఇదంతా పక్కనపెట్టి నేరుగా ఆ ఊరి చర్చి బాప్తిస్మ రిజిస్టరు చూడండి.