కాంచనగంగ శిఖరం మీద ఇంతవరకు ఎవరూ కాలు పెట్టలేదా?

ప్రశ్న: మొన్న ఫ్యామిలీతో డార్జిలింగ్ వెళ్ళొచ్చామండీ. టైగర్ హిల్ మీద తెల్లవారుజామున కాంచనగంగ కనిపించింది, కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి. డ్రైవర్ ఏమో దాని కొస మీద ఎవరూ కాలు పెట్టలేదు అన్నాడు, ఫోన్లో చూస్తే 1955లోనే ఎక్కేశారని ఉంది. ఏది నిజం? మా అబ్బాయికి ట్రెక్కింగ్ పిచ్చి, మన వైపు నుంచి ఎక్కనిస్తారా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండింట్లోనూ నిజముందండీ, ఆ సంగతి నాకెంతో ఇష్టం కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

1955లో చార్లెస్ ఎవాన్స్ నాయకత్వంలో బ్రిటిష్ టీమ్ నేపాల్ వైపు నుంచి ఎక్కింది. కానీ సిక్కిం వాళ్ళకి ఆ కొండ దేవుడు, అందుకని ఎవాన్స్ ముందే సిక్కిం పాలకులకి మాటిచ్చాడు, కొస మీద అడుగు పెట్టము అని. మే 25న జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ 8,586 మీటర్ల కొండ దాదాపు మొత్తం ఎక్కి, ఇంకొన్ని అడుగులుందనగా ఆగిపోయారు. మర్నాడు ఇంకో ఇద్దరు వెళ్ళారు, వాళ్ళూ అంతే. అక్కడ చూసేవాళ్ళెవరున్నారు చెప్పండి, అయినా ఆగారు! మనం ఇంద్రకీలాద్రి మెట్లెక్కేటప్పుడు చెప్పులు కిందే వదిలేస్తాం కదా, ఆ భక్తి వాళ్ళది కాకపోయినా ఆ మర్యాద మాత్రం ఉంది. తర్వాత వచ్చినవాళ్ళలో కూడా చాలామంది ఆ మాట పాటించారు.

స్కూల్లో కాంచనగంగ అని చదువుకున్నాం కాబట్టి మనకి బంగారం, గంగ గుర్తొస్తాయి గానీ, అసలు టిబెటన్ పేరుకి అర్థం 'మహా హిమంలోని ఐదు నిధులు', అంటే ఐదు శిఖరాల్లో ధాన్యం, పవిత్ర గ్రంథాలు లాంటివి దాచి ఉన్నాయని అక్కడివాళ్ళ నమ్మకం. పూర్వం సిక్కింలోని లెప్చా, భూటియా జాతుల పెద్దలు అన్నదమ్ములమని ఒట్టేసుకుంటే దానికి ఈ కొండే సాక్షి అట, ఏటా పాంగ్ ల్హాబ్‌సోల్ పండగ అందుకే. 1852 దాకా ప్రపంచంలో ఇదే ఎత్తైనదనుకున్నారు, సర్వే లెక్కల్లో ఎవరెస్ట్, కె2 శిఖరాల ఎత్తు బయటపడ్డాక మూడో స్థానానికి వచ్చింది.

నాకు బాధనిపించే విషయం ఒకటుంది. 1905లో క్రౌలీ అనే ఇంగ్లీషాయన టీమ్‌లో మంచు జారిపడి అలెక్సిస్ పాషే అనే స్విస్ ఆయన, ముగ్గురు కూలీలు చనిపోయారు. నేను చదివిన చాలా చోట్ల పాషే పేరే ఉంది, ఆ ముగ్గురూ 'ముగ్గురు కూలీలు' అంతే. మూటలు మోసింది వాళ్ళు, ప్రాణాలు పోయింది వాళ్ళవి, పేరు రాయడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదు.

మన వైపు నుంచి 1977లో కల్నల్ నరేంద్ర కుమార్ నడిపిన ఆర్మీ టీమ్ ఎక్కింది, మేజర్ ప్రేమ్ చంద్, నాయక్ నీమా దోర్జీ షెర్పా పైదాకా వెళ్ళారు. ఇప్పుడు అలా కుదరదండీ, 2001లో సిక్కిం ప్రభుత్వం నిషేధించింది, ఎక్కేవాళ్ళు నేపాల్ వైపు నుంచే వెళ్తున్నారు. మీ అబ్బాయికైతే సిక్కింలోని యుక్సోమ్ నుంచి గోయెచా లా అనే కనుమ వైపు ట్రెక్ ఉంది, పర్మిట్ తీసుకుని లోకల్ గైడ్‌తో వెళ్ళాలి, అక్టోబర్, నవంబర్లో ఆకాశం బాగుంటుంది. ఎత్తు పెరిగే కొద్దీ ఆగి ఆగి ఎక్కమనండి, తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంక పైకి పోకుండా వెంటనే కిందికి దిగిపోవాలి.