తలుపు చెక్కించే ముందు కీలు చూడు

అమ్మలూ,

కబోర్డు తలుపులు సరిగా పడట్లేదని, కార్పెంటర్ వచ్చి అంచు కొంచెం చెక్కేస్తానన్నాడని ఫోన్లో చెప్పావు కదా, ముందు అతన్ని ఆపు. ఇది వానాకాలం, పైగా మీది విశాఖ లాసన్స్ బే కాలనీ, సముద్రపు గాలి నేరుగా పడగ్గదిలోకి కొడుతుంది, చెక్క ఆ చెమ్మంతా పీల్చి ఉబ్బుతుంది. ఇప్పుడు బిగుతుగా ఉందని చిత్రిక పట్టించావనుకో, ఎండలొచ్చి చెక్క ఆరాక అదే తలుపు పక్కన కొట్టొచ్చినట్టు కనిపించే సందు మిగులుతుంది. చెక్కేసింది మళ్లీ అతికించలేం కదా. ప్లైవుడ్ అంచున అంటించిన పట్టీ పోయిందంటే ఆ చెక్క ఇంకా ఎక్కువ నీరు తాగుతుంది.

అసలు చాలాసార్లు తప్పు తలుపుది కాదు, కీలుది. రెండు తలుపులూ మూసి ఎదురుగా నిలబడి మధ్య సందు చూడు. పైన రాసుకుంటూ కింద వెడల్పుగా ఉంటే తలుపు ఉబ్బలేదు, వాలిపోయింది. తెరిచి లోపల చూస్తే తలుపులోకి గుండ్రంగా దిగిన గిన్నె, దానికో చెయ్యి ఉంటాయి, అదే కీలు, షాపుల్లో ఆటో హింజ్ అంటారు, గిన్నె మామూలుగా 35 మిల్లీమీటర్లు. ఆ చేతి మీద రెండు స్క్రూలుంటాయి. తలుపుకి దగ్గరగా ఉన్నది తిప్పితే తలుపు కుడికీ ఎడమకీ జరుగుతుంది. వెనకది వదులు చేస్తే ముందుకీ వెనక్కీ కదులుతుంది, సరిచేశాక దాన్ని మళ్లీ బిగించడం మర్చిపోకు. వాలిన తలుపుకి పై హింజ్‌తో తలుపును కీలు వైపు లాక్కో, కింది హింజ్‌తో అవతలికి నెట్టు. ఒక్కోసారి అర తిప్పు తిప్పి, మూసి చూడు. స్టార్ స్క్రూడ్రైవర్ చాలు, డ్రిల్లింగ్ మెషిన్ మాత్రం వద్దు, చెక్క పొట్టు అదిమి చేసిన చిప్‌బోర్డులో స్క్రూ గింగిరాలు తిరిగి కన్నం లూజైపోతుంది.

నీ తలుపులో ఇప్పటికే అలా లూజైన కన్నం ఉండొచ్చు. స్క్రూ తిప్పుతుంటే పట్టు దొరక్కుండా ఊరికే తిరుగుతుంటుంది, కన్నం చుట్టూ పొట్టు రాలుతుంది. అలాంటప్పుడు అందరూ చేసే పని పొడుగు స్క్రూ వేయడం. అది నాకు అస్సలు నచ్చదు. తలుపు మందం 18 మిల్లీమీటర్లయితే అంగుళం స్క్రూ అవతలి లామినేట్‌ని పొడుచుకుని బయటికొస్తుంది. అగ్గిపుల్లల మందు గుండు విరిచేసి, పుల్లలు ఫెవికాల్‌లో ముంచి కన్నం నిండా కుక్కి, పైకి ఉన్నది బ్లేడుతో కోసేసి రాత్రంతా వదిలెయ్. పొద్దున్న పాత స్క్రూనే చేత్తో మెల్లగా బిగించు, గట్టిగా పట్టుకుంటుంది.

హింజ్ తుప్పు పట్టి ఉంటే మాత్రం బాగుచేసే ప్రయత్నం చేయకు, మన ఊరి ఉప్పు గాలికి అది ఆగదు. పాతది ఒకటి ఊడదీసి, పూర్ణా మార్కెట్ వైపు హార్డ్‌వేర్ షాపుకి చేతిలో పట్టుకెళ్లు. చేతి వంపు మూడు రకాలుగా ఉంటుంది, నోటితో చెప్తే వేరేది ఇస్తారు. త్వరగా తుప్పు పట్టని 304 స్టీల్‌వి అడుగు, ధర ఎక్కువైనా బీచ్ దగ్గర అవే నిలుస్తాయి. మార్చేటప్పుడు తలుపు కింద పుస్తకాలు పేర్చి బరువు ఆపి, ఒకటి పూర్తిగా బిగించాకే రెండోది విప్పు. మీ ఆయన్ని పట్టుకోమను, ఒక్కదానివే చేయకు.

కిర్రుమంటే కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క, అంతే. కొబ్బరి నూనె రాయకు, దుమ్ము పట్టి జిగురవుతుంది. జరిపే తలుపుల పట్టాలో అయితే నూనే వద్దు, పెయింట్ బ్రష్‌తో దుమ్ము ఊడ్చేస్తే సగం మొరాయింపు పోతుంది.

ఇవన్నీ చేశాక కూడా తలుపు పట్టేస్తుంటే అది నిజంగా ఉబ్బిందన్నమాట. కబోర్డు బయటి గోడకి ఆనుకుని ఉందేమో, వెనక పలక చెమ్మగా ఉందేమో తడిమి చూడు. గోడ చెమ్మ ఆపకుండా తలుపు మీద ఎంత ఖర్చు పెట్టినా వచ్చే వానాకాలానికి మళ్లీ ఇదే గొడవ. మట్టి గీతలు కనిపిస్తే చెద, అప్పుడు ఆలస్యం చేయకుండా మందు కొట్టేవాళ్లని పిలిపించు. కింది అంచు చేత్తో నలిపితే పొడవుతుంటే ఆ తలుపు పని అయిపోయింది, కొత్తది చేయించేటప్పుడు నీటికి తట్టుకునే రకమని తెలిపే ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్డే తెప్పించు, ముద్ర నీ కళ్లతో చూశాకే కోయనివ్వు.

హింజ్ దగ్గర ఫోటో ఒకటి తీసి వాట్సాప్‌లో పంపు, ఏ స్క్రూ తిప్పాలో గుర్తు పెట్టి పంపుతాను.

పెద్దమ్మ