పాఠకుల ప్రశ్నలు: ఫైర్ సిలిండర్ల పరీక్ష, రిజిస్టరు

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లులో గుమస్తాగా చేస్తున్నాను. మా దగ్గర 22 ఫైర్ సిలిండర్లున్నాయి. గడువుకు ఏజెన్సీ వాళ్లు తీసుకెళ్లి హైడ్రో టెస్టు (నీళ్లు నింపి ఒత్తిడి ఎక్కించే పరీక్ష, బిల్లులో హెచ్‌పీటీ) చేయించి తెచ్చి, "22 నగాలు, రీఫిల్లింగు, హెచ్‌పీటీ" అని ఒకే బిల్లు ఇస్తారు. అది ఫైలులో పెడితే రికార్డు ఉన్నట్టేనా?

జవాబు: సరిపోదండి. ఆ బిల్లు చూపితే డబ్బు కట్టారని తెలుస్తుంది. 22లో ఏది ఎంత ఒత్తిడికి నిలిచింది, ఏది పరీక్షకే పోలేదు అన్నది తెలియదు.

రిజిస్టరులో ఒక్కో సిలిండరుకు ఒక్కో పేజీ పెట్టండి. పేజీ పైన బాడీ నంబరు (తయారీదారు సిలిండరు మీద వేసిన నంబరు), మీరు పెయింటుతో వేసుకున్న సొంత నంబరు, రకం, కెపాసిటీ, తయారీదారు పేరు, తయారైన సంవత్సరం ఉండాలి. ఏ చోట తగిలించారో వేరే గడిలో తేదీతో రాయండి, మారినప్పుడల్లా కింద ఇంకో వరుస చేర్చండి. "బాయిలర్ పక్కది", "గోడౌన్ గేటుది" అని చోటు పేరుతో పద్దు నడిపే మిల్లులే ఎక్కువ. రీఫిల్లింగుకు పోయొచ్చాక బాయిలర్ దగ్గరిది గేటుకు చేరుతుంది, గేటుది బాయిలర్‌కు పోతుంది. కాగితం మీద అన్నీ సక్రమంగానే కనిపిస్తాయి. తీరా చూస్తే ఒక సిలిండరు రెండు సార్లు టెస్టయి ఉంటుంది, ఇంకోటి ఆరేళ్లుగా అలాగే వేలాడుతుంటుంది. అందుకే పంపేటప్పుడే బాడీ నంబర్ల జాబితా చేతికివ్వండి. వచ్చాక అదే జాబితాతో ఒక్కోటి సరిచూసి దించుకోండి.

ఫైర్ సిలిండర్ల నిర్వహణకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2190, దాని 2010 కూర్పు ప్రకారం నీళ్లు, ఫోమ్, పౌడర్ రకాలకు 3 ఏళ్లకోసారి, చదరపు సెంటీమీటరుకు 35 కిలోల ఒత్తిడితో పరీక్ష. సీవోటూకి (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ రకానికి) 5 ఏళ్లకోసారి, 250 కిలోలతో. కొత్త కూర్పు ప్రకారం పని చేస్తుంటే అందులోని పట్టిక చూసుకోండి. గడువు లెక్క పరీక్ష తేదీ నుంచే, బిల్లు తేదీ నుంచి కాదు. పేజీలో "ఓకే" అని రాయనివ్వొద్దు. ఎంత ఒత్తిడి ఎక్కించారు, ఎంతసేపు నిలబెట్టారు, లీకు గానీ ఉబ్బు గానీ ఉందా, లోపల తుప్పు ఎలా ఉంది, వాడిన గేజ్ (ఒత్తిడి చూపే మీటరు) క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ నంబరెంత, చేసినవాళ్ల పేరు, సంతకం, ఇవన్నీ కావాలి.

ఇంకో గడి తప్పకుండా కలపండి: "లోపల ఆరబెట్టారా". ఈ పరీక్ష నీళ్లు నింపి చేసేది. తర్వాత తడి పూర్తిగా ఆరకుండా పౌడర్ పోస్తే అడుగున గడ్డ కడుతుంది. గేజ్ ముల్లు పచ్చ భాగంలోనే ఉంటుంది, తీరా మంటొచ్చి లివర్ నొక్కితే గ్యాస్ మాత్రమే బుస్సుమంటుంది. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లతో టెస్టు చేస్తే, ఆరాక మిగిలిన ఉప్పు అడుగు వెల్డింగు దగ్గర తుప్పుకు దారి తీస్తుంది. మంచి నీళ్లతో చేయమని ముందే చెప్పండి.

ప్రశ్న: జడ్చర్ల ఫార్మా యూనిట్లో స్టోర్స్ చూస్తాను. మా 4.5 కిలోల సీవోటూ సిలిండరు టెస్టు సర్టిఫికెట్‌లో "మొత్తం సాగుడు 26 మి.లీ., శాశ్వత సాగుడు 0.7 మి.లీ." అని ఉంది. ఇది బాగున్నట్టా?

జవాబు: బాగుంది. నీళ్ల జాకెట్‌లో (చుట్టూ నీళ్లుండే మూసిన పాత్రలో) పెట్టి ఒత్తిడి ఎక్కించినప్పుడు సిలిండరు కొంచెం వ్యాకోచిస్తుంది, ఒత్తిడి వదిలాక తిరిగి పూర్వపు సైజుకు రావాలి. రాకుండా మిగిలిందే శాశ్వత సాగుడు. అది మొత్తంలో 10 శాతం దాటకూడదు. మీది 0.7ను 26తో భాగిస్తే 2.7 శాతం. రెండు అంకెలూ పేజీలోకి ఎక్కించండి, ఐదేళ్ల తర్వాత పోల్చి చూడటానికి పనికొస్తాయి. ఈ పరీక్ష పెసో (పేలుడు పదార్థాలు, గ్యాస్ సిలిండర్ల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం ఉన్న కేంద్రంలోనే చేయించాలి. గడువు దాటిన సిలిండరులో గ్యాస్ నింపకూడదు, నింపించుకోకండి.

తూకం గడి కూడా కావాలి. హార్న్ (గ్యాస్ బయటికొచ్చే మూతి), హోస్ తీసేసి తూచాలి, టేర్ (సిలిండరు మీద రాసి ఉండే ఖాళీ బరువు) సాధారణంగా అవి లేకుండానే ఉంటుంది. టేర్ 11 కిలోలనుకుంటే నిండు సిలిండరు 15.5 కిలోలు తూగాలి. గ్యాస్ పదో వంతు, అంటే 450 గ్రాములు తగ్గి 15.05కి వస్తే రీఫిల్ చేయించాలి. ఖాళీ సిలిండరు బరువే టేర్ కన్నా 5 శాతానికి మించి తగ్గితే తుప్పు లోహాన్ని తినేసిందని అర్థం. రీఫిల్ చేయించడం కాదు, దాన్ని తీసేయాలి.

ప్రశ్న: వనపర్తిలో స్కూలు నడుపుతున్నాం. పాత సర్టిఫికెట్లు పోయాయి. సిలిండర్ల మీద స్టిక్కర్లున్నాయి, చాలవా?

జవాబు: స్టిక్కరు ఎవరైనా అంటిస్తారు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. సీవోటూ అయితే భుజం (వాల్వు కింది వంపు) మీద పరీక్ష తేదీ, కేంద్రం గుర్తు పంచ్ చేసి ఉంటాయి. అవి చదివి పేజీలో రాసుకుని, ఆ కేంద్రాన్నే నకలు అడగండి. పంచ్ లేకుంటే టెస్టు కానట్టే చూడండి. పౌడర్ సిలిండరు రేకు పల్చన. గుర్తు కోసమని దాని మీద ఉలి, సుత్తి పెట్టనివ్వొద్దు, తేదీని పెయింటుతోనో ట్యాగుతోనో వేయించండి.

ప్రశ్న: నల్గొండలో మా జిన్నింగ్ మిల్లుది ఒక సీవోటూ సిలిండరు టెస్టులో ఫెయిలైంది. దాని పేజీ చించేయొచ్చా?

జవాబు: చించొద్దు. సీవోటూ సిలిండరు వాడుకలో ఉన్నన్నాళ్లూ దాని రికార్డు యజమాని దగ్గర ఉండాలి. పనికిరాదని తేలాక తేదీ, కారణం రాసి, రిజెక్షన్ రిపోర్టు జతచేసి పేజీ మూసి, కనీసం ఏడాది దాచాలి. సిలిండరును కోయించో, చదును చేయించో మళ్లీ వాడటానికి వీల్లేకుండా చేశాకే తుక్కుకు ఇవ్వండి. కోసిన ముక్క మీది బాడీ నంబరు కనిపించేలా ఫొటో తీసి అదే పేజీకి అంటించండి.