వాడు అలిగింది మీ అభిప్రాయం మీద కాదు

ప్రశ్న: నా వయసు 57. డిగ్రీలో కలిసి చదువుకున్న నలుగురం ఇప్పటికీ స్నేహితులమే. మాకో వాట్సాప్ గ్రూపు ఉంది. రోజూ రాత్రి పడుకునే ముందు అందులో ఏదో ఒకటి రాయడం నాకు అలవాటు. ఆ రోజు దారిలో చూసినవి, పాత జ్ఞాపకాలు, పేపర్లో చదివిన వార్తల మీద నా ఆలోచనలు. ముగ్గురూ ఇష్టంగా చదివేవారు. ఈ మధ్య నేను ఎన్నికల గురించి, యుద్ధాల గురించి ఎక్కువగా రాస్తున్నాను. అందులో ఒకడికి నా అభిప్రాయాలు నచ్చవు. వాడు నాకు అందరికంటే దగ్గరివాడు. అప్పుడప్పుడు వాదించేవాడు, కానీ ఎప్పుడూ హద్దు దాటలేదు. మొన్న ఒక రాత్రి నేను కాస్త పెద్దగా రాశాను. దానికి వాడు ‘నీకు ఇవి తప్ప వేరే లోకం లేదా?’ అని పెట్టి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. మిగతా ఇద్దరూ కిక్కురుమనలేదు. ఆ వారంలోనే వాళ్లావిడకు ఆపరేషన్ అయిందని, వాడు టెన్షన్‌లో ఉన్నాడని మా ఆవిడ అంటోంది. నాకు తెలియక కాదు, ‘త్వరగా కోలుకోవాలి’ అని మెసేజ్ పెట్టాను కూడా. స్నేహితుల మధ్య నిజం మాట్లాడటం తప్పా? ఇకమీదట గ్రూపులో రాయడం మానేయాలా? నా అంతట నేను ముందు ఫోన్ చేస్తే తగ్గినట్టు అవుతుంది కదా? మనసు బాగోలేదు. సలహా ఇవ్వండి.

జవాబు: మీ మొదటి రెండు ప్రశ్నలకూ ఒక్క మాటలో చెప్పేస్తాను. స్నేహితుల దగ్గర అనుకున్నది మాట్లాడటం తప్పు కాదు. గ్రూపులో రాయాలా, మానాలా అన్నది మీ ఇష్టం. మీరు రాసినా, మానేసినా ఇప్పుడు జరిగిన దాంట్లో పెద్ద తేడా ఏమీ రాదు. ఎన్నికల విషయంలో మీరు రైటా, ఆయన రైటా అని కూడా నన్ను అడగకండి. మీ గొడవ దాని గురించి కాదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరేం రాశారు, ఎవరు మెచ్చుకున్నారు, ఎవరు వాదించారు అన్నది వివరంగా ఉంది. ఆయన భార్యకు జరిగిన ఆపరేషన్ గురించి మాత్రం ఒక్క వాక్యం, అదీ చివర్లో, మీ ఆవిడ చెప్పిన మాటగా ఉంది. ఏం ఆపరేషనో లేదు. ఇప్పుడు ఆవిడ ఎలా ఉన్నారో లేదు. ఆసుపత్రిలో ఎన్నాళ్లున్నారో, దగ్గర ఎవరున్నారో, పిల్లలు వచ్చారో లేదో, ఏమీ లేదు. అందరికంటే దగ్గరివాడు అని మీరే రాశారు. దగ్గరివాడి ఇంట్లో ఇంత జరిగితే మీకు తెలిసింది ఇంతేనా?

ఆ రాత్రిని ఒక్కసారి ఆయన వైపు నుంచి చూడండి. ఆయన ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండొచ్చు. లేదా ఇంటికి తీసుకొచ్చాక, ఆవిడకు వేయాల్సిన మాత్రల చీటీ పట్టుకుని ఏది ముందో, ఏది తర్వాతో చూసుకుంటూ ఉండొచ్చు. ఫోన్ మోగింది. మీ పేరు కనిపించింది. ‘వీడు అడుగుతున్నాడు’ అనుకునే తెరిచి ఉంటాడు. తెరిస్తే వేలితో ఎంత జరిపినా అయిపోని మెసేజ్. ఎక్కడో జరుగుతున్న యుద్ధంలో న్యాయం ఎవరిది అని. అంతకు కొంచెం పైన, రెండే మాటల్లో, మీరు ఆయన భార్య కోసం పెట్టిన మెసేజ్. ఆయన ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. ‘వేరే లోకం లేదా’ అని అడిగింది అందుకే. మీరు దాన్ని మీ అభిప్రాయానికి వచ్చిన జవాబు అనుకున్నారు. అది ఒక మనిషి తన స్నేహితుణ్ణి పిలిచిన పిలుపు. గట్టిగా, కోపంగా పిలిచాడు, అంతే.

మీరు చెడ్డవారని నేను అనడం లేదు. మనసు బాగోలేదని రాశారు, ఆ మాట నమ్ముతున్నాను. కానీ రోజూ గ్రూపులో కలుస్తున్నాం కాబట్టి బాగా దగ్గరగా ఉన్నామనే భ్రమలో మీరు చాలాకాలంగా ఉన్నారు. మీరు రాస్తారు, వాళ్లు చదువుతారు, నీలం టిక్కులు పడతాయి, ఎవరో బొటనవేలు బొమ్మ పెడతారు. దాంతో ఆ రోజుకి స్నేహం అయిపోయింది. ఆయన ఎవరికి ఓటు వేస్తాడో మీకు తెలుసు, ఆయనకు రాత్రి నిద్ర పడుతోందో లేదో తెలియదు. ఇంత రాసే మనిషి, అటు నుంచి ఏమైనా అడిగారా అని నేను మీ ఉత్తరంలో వెతికాను. ‘నువ్వెలా ఉన్నావురా’ అన్న మాట ఎక్కడా కనిపించలేదు.

మగవాళ్ల స్నేహాల్లో ఇది ఇంకా ఎక్కువ. రాబిన్ డన్‌బార్, శామ్ రాబర్ట్స్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటన్‌లో స్కూలు పూర్తి చేసి యూనివర్సిటీలకు, ఉద్యోగాలకు వెళ్లిన పిల్లల స్నేహాలను 18 నెలల పాటు గమనించి 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆడపిల్లల స్నేహాలు చల్లబడకుండా కాపాడినవి ప్రధానంగా మాటలు. మగపిల్లల విషయంలో ఒట్టి మాటలు అంతగా పనిచేయలేదు. కలిసి ఏదైనా చేయడం, కలిసి తిరగడం ఉన్నచోటే స్నేహం నిలబడింది. వాళ్లు చూసింది చిన్న గుంపునే, అదీ కుర్రవాళ్లను. అయినా నా దగ్గరికి వచ్చే ఉత్తరాలు చూస్తుంటే నడివయసు మగవాళ్లకు కూడా అది సరిగ్గా సరిపోతుందని అనిపిస్తుంది. మీరు నలుగురూ కలిసి ఒక పని చేసి ఎన్నాళ్లయింది? ఒకరి ఇంటికి ఒకరు వెళ్లి ఎన్నాళ్లయింది? మీ స్నేహం డిగ్రీ రోజుల్లో గట్టిపడింది ఒకే బెంచీ మీద కూర్చోవడం వల్ల. మెసేజ్‌ల వల్ల కాదు.

ఇక్కడ మీ ఆవిడ గురించి కూడా చెప్పాలి. ఆపరేషన్ సంగతి, ఆయన టెన్షన్ సంగతి ఆవిడకు ఎలా తెలుసు? ఆయన భార్యతో మాట్లాడుతూ ఉంటారు కాబట్టి. అంటే మీ రెండు కుటుంబాల మధ్య స్నేహాన్ని నిజంగా మోస్తున్నది ఆవిడ. చాలా ఇళ్లల్లో ఇదే జరుగుతుంది. స్నేహం పేరు మగవాళ్లది, ఆరాలు తీయడం, గుర్తుపెట్టుకోవడం, పలకరించడం భార్యలది. ఆవిడ మీకు చెప్పినప్పుడు మీరు ఫోన్ పక్కన పెట్టి ‘ఏం ఆపరేషన్? ఎప్పుడు వెళ్దాం?’ అని అడిగి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

కష్టం వచ్చినప్పుడు గుమ్మం ముందు కనిపించని స్నేహం మీద నాకు నమ్మకం లేదు. ఈ విషయంలో నేను పాతకాలపు మనిషినే. దూరాభారం అయితే గొంతైనా వినిపించాలి. ‘ఈ టైమ్‌లో ఫోన్ చేస్తే డిస్టర్బ్ అవుతాడేమో’, ‘వాళ్లే హడావిడిలో ఉంటారు, తర్వాత చూద్దాం’ అని మనం చెప్పుకునేవన్నీ మన బద్ధకానికి, మన బెరుకుకి తొడుగులు. ఆసుపత్రిలో ఉన్నవాళ్లు మన ఫోన్ ఎత్తకపోవచ్చు. మిస్డ్ కాల్ చూసుకుంటారు కదా. అది చాలు. ఫోన్ చేశాడని తెలుస్తుంది.

ఇక ముందు ఫోన్ చేస్తే తగ్గినట్టు అవుతుందన్నారు. మీ ఉత్తరంలో నాకు నచ్చని మాట ఇదొక్కటే. ఆత్మగౌరవం గురించి నేను తేలిగ్గా మాట్లాడేదాన్ని కాదు. స్నేహితుడు నలుగురిలో అవమానించాడనో, డబ్బు తీసుకుని మోసం చేశాడనో, మీ ఇంటివాళ్లను మాట అన్నాడనో మీరు రాసి ఉంటే, వెళ్లొద్దనే చెప్పేదాన్ని. ఇక్కడ అలాంటిదేమీ లేదు. ఆయన మీ పార్టీని తిట్టలేదు, మిమ్మల్ని తిట్టలేదు. ఒక ప్రశ్న అడిగి వెళ్లిపోయాడు. భార్యకు ఆపరేషన్ అయిన మనిషి ఇంటికి వెళ్లడానికి ఎక్కువ తక్కువల లెక్కలు వేసుకుంటే, ఆ లెక్కలు ఇంకెప్పటికీ తెగవు. పరామర్శకు ఎవరు ముందు వెళ్లాలన్న ప్రశ్నే లేదు. కష్టం ఎవరింట్లో ఉంటే అక్కడికి అవతలివాళ్లు వెళ్తారు.

ఇన్నాళ్ల తర్వాత వెళ్తే బాగోదేమో, ఎలా తీసుకుంటాడో అన్న బెరుకు మీలో ఉంటే దానికీ ఒక మాట. చాలాకాలంగా పలకరించని వాళ్లను పలకరించడం మీద పెగ్గీ లియు అనే పరిశోధకురాలు, ఇంకొందరు కలిసి చేసిన అధ్యయనాలు 2022లో వచ్చాయి. అవతలివాళ్లు ఎంత సంతోషిస్తారన్నది పలకరించేవాళ్లు సాధారణంగా తక్కువగానే అంచనా వేస్తారని వాటిలో తేలింది. ఎదురుచూడని పలకరింపు అయితే ఆ సంతోషం ఇంకా ఎక్కువట. కోపంలో ఉన్న మనిషి విషయంలో ఇదే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. కానీ మీ భయం ఉండాల్సిన దానికంటే పెద్దదిగా ఉందని మాత్రం చెప్పగలను.

కాబట్టి ఈ వారంలోనే వెళ్లండి. మెసేజ్ పెట్టకండి. ‘సారీ రా’ అని కూడా పెట్టకండి. ఫోన్ చేసి ‘మేమిద్దరం వస్తున్నాం, ఇంట్లో ఉంటారా’ అని అడగండి. మీ ఆవిడను తీసుకువెళ్లండి. వెళ్లాక ముందు ఆయనతో కాదు, ఆయన భార్యతో మాట్లాడండి. నొప్పి ఎలా ఉందో, మళ్లీ డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో అడగండి. చెకప్‌కి మీరు తోడు వెళ్లగలిగితే ‘ఏదైనా అవసరమైతే చెప్పు’ అనకండి. అలా అంటే ఎవరూ చెప్పరు. ‘గురువారం నేను వస్తాను, నువ్వు ఆఫీసుకి సెలవు పెట్టక్కర్లేదు’ అనండి. ఆయన ఒక పూట పడుకుని నిద్రపోయినా మీరు చేసిన మేలు అదే.

గ్రూపు సంగతి మీ అంతట మీరు ఎత్తకండి. ఆయన ఎత్తితే వినండి. నిష్ఠూరంగా నాలుగు మాటలు అంటాడు. అననివ్వండి. ‘నేను మెసేజ్ పెట్టాను కదా’ అన్న వాక్యం మాత్రం మీ నోటి నుంచి రాకూడదు. ‘ఆ టైమ్‌లో నేను రావాల్సింది, రాలేదు’ అంటే చాలు. ఎందుకు రాలేదో వివరించకండి, వివరించే కొద్దీ మళ్లీ మాట మీ గురించే అయిపోతుంది. మిగతా ఇద్దరికీ ఫోన్ చేసి మధ్యవర్తిత్వం చేయమని అడగడం లాంటివి పెట్టుకోవద్దు. వాళ్లు కిక్కురుమనకపోవడానికి కారణం మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆపరేషన్ సంగతి వాళ్లకు తెలుసు. మీ మెసేజ్ కింద ఏం రాయాలో వాళ్లకు తోచలేదు.

ఆయన ఆ రోజు ముభావంగా ఉండొచ్చు. రెండు ముక్కలు మాట్లాడి టీవీ వైపు చూస్తూ కూర్చోవచ్చు. అప్పుడు కూడా లేచి వచ్చేయకండి, కాసేపు అలాగే కూర్చోండి. వారం పది రోజులు ఆగి మళ్లీ వెళ్లండి. ఇన్నేళ్ల స్నేహం ఒక్క పూటలో అతుక్కోలేదని దాన్ని వదిలేయకూడదు.

మీ రాతల గురించి అడిగారు కాబట్టి చెబుతాను, రాయడం మానొద్దు. పడుకునే ముందు ఆ రోజు గురించి ఆలోచించే అలవాటు అందరికీ ఉండదు. దారిలో చూసినవి, పాత జ్ఞాపకాలు రాసినన్నాళ్లూ ముగ్గురూ ఇష్టంగా చదివారని మీరే అన్నారు. ఎందుకు చదివారో ఆలోచించండి. వాటిలో వాళ్లు కూడా ఉన్నారు. వార్తల మీద రాసినవాటిలో మీరొక్కరే ఉన్నారు. ఎన్నికలు, యుద్ధాలు పట్టించుకోవద్దని నేననను, పట్టించుకోవాలి. వాటి మీద ఉద్రేకం వస్తే ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. మర్నాడు పొద్దున చదివాక కూడా స్నేహితులతో పంచుకోవాలనిపిస్తే, కలిసినప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడండి. మనిషి మొహం కనిపిస్తుంటే మాట దానంతట అదే మెత్తబడుతుంది. మీరు ఎక్కడినుంచో వచ్చినవి ముందుకు పంపుతుంటే మాత్రం అది మానేయండి. రెండు బాణాల గుర్తుతో వచ్చేవి ఇప్పటికే చాలా చేతులు మారినవి. తప్పుడు వార్తల బెడదతోనే 2020లో వాట్సాప్ అలాంటి వాటిని ఒకసారికి ఒక్కరికి లేదా ఒక్క గ్రూపుకి మించి పంపకుండా కట్టడి చేసింది. వాటి కోసం డిగ్రీ నాటి స్నేహితుడితో తగవు పడటం మీకు తగదు.

చివరగా ఇంకొక్కటి. ఆయన ఇంటికి వెళ్లి వచ్చిన రాత్రి మీ చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. ఆవిడను చూసి మీకేమనిపించిందో, మీరిద్దరూ ఎలా మాట్లాడుకున్నారో గ్రూపులో రాయాలనిపిస్తుంది. రాయకండి. ఆయన ఆ గ్రూపులో లేడు.